సూది లేకుండా కండ పెరగదా?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్‌కి వెళ్తున్నాను. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 62 కిలోలు. ఎనిమిది నెలలుగా జిమ్‌కి పోతున్నా పెరిగింది 3 కిలోలే. నాతోపాటు చేరిన స్నేహితుడు మూడు నెలల్లో గుర్తుపట్టలేనంతగా మారిపోయాడు. ‘ఎనిమిది వారాల లైట్ సైకిల్ (కొన్ని వారాలు వరుసగా స్టెరాయిడ్స్ వాడే విడత) ఒక్కటి వేద్దాం, ఏమీ కాదు’ అంటున్నారు మా ట్రైనర్. ఒక్కసారికి నిజంగానే ఏమీ కాదా?

జవాబు: స్టెరాయిడ్స్‌తో కండ పెరగదని ఎవరైనా చెబితే నమ్మకండి, పెరుగుతుంది. 1996లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో ఎక్కువ మోతాదు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ స్టెరాయిడ్ తీసుకుని పది వారాలు బరువు ముట్టనివారికి కొవ్వు కాని బరువు సుమారు 3 కిలోలు పెరిగింది. మందు లేకుండా బరువులెత్తినవారికి పెరిగింది 2 కిలోలే. రెండూ చేసినవారికి 6. కాబట్టి బహుశా ఇలాంటి మందే వాడి ఉండే మీ స్నేహితుడితో పోల్చుకుని మీ ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకోకండి.

ఇక ఆ ఒక్క సైకిల్‌ సంగతి. టెస్టోస్టెరాన్, వీర్యకణాలు తయారు చేయమని వృషణాలకు కబురు పంపేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లు ఆ కబురు మోస్తాయి. బయటి హార్మోన్ రక్తంలో చేరగానే కావలసినంత ఉందనుకుని పిట్యూటరీ కబురు ఆపేస్తుంది. కొన్ని వారాల్లో వృషణాలు కుంచించుకుపోతాయి. వీర్యకణాలు తగ్గుతాయి, కొందరిలో సున్నాకు పడిపోతాయి. మందు ఆపాక బయటిదీ ఉండదు, సొంతదీ ఇంకా మొదలవదు. నీరసం, దిగులు, కోరిక లేకపోవడం, సంపాదించిన కండ కరిగిపోవడం అన్నీ అప్పుడే మీద పడతాయి. కోలుకోవడానికి చాలామందికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది, పూర్తిగా కోలుకోనివారూ ఉన్నారు. మీరు ఏ కోవలో పడతారో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదు.

‘లైట్’ అంటే చాలాసార్లు స్టానోజోలాల్, ఆక్సాండ్రోలోన్ లాంటి మాత్రలు. కాలేయం త్వరగా విరగ్గొట్టకుండా వాటి రసాయన నిర్మాణాన్ని మార్చి తయారు చేస్తారు, అందుకే ఆ భారం కాలేయం మీదే పడుతుంది. మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ బాగా పడిపోతుంది. రక్తం చిక్కబడటం, బీపీ పెరగడం, గుండె గోడ మందమవడం లాంటివి అద్దంలో కనబడవు. కండ పెరిగినంత వేగంగా కండను ఎముకకు కలిపే స్నాయువులు గట్టిపడవు గనుక పెద్ద బరువు ఎత్తినప్పుడు అవి తెగే ప్రమాదమూ ఉంది. పైగా దొంగచాటుగా వచ్చే సీసాలో లేబుల్ మీద ఉన్న మందే ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని హార్మోన్‌ను ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇవ్వజూపే ట్రైనర్ దగ్గర ఉండొద్దు. జిమ్ మారండి.

ఇప్పుడు మీ 3 కిలోల గురించి. ఎనిమిది నెలలకు ఇది తక్కువే కానీ లోపం ఎక్కువగా తిండిలో ఉంటుంది. శరీర బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాముల ప్రోటీన్ కావాలి. మీకు సుమారు 100 గ్రాములు. పలచటి మెస్ పప్పు గిన్నెడు తాగినా నాలుగైదు గ్రాములకు మించదు. నాలుగు గుడ్లు 24, పచ్చిగా తూచిన 150 గ్రాముల బోన్‌లెస్ చికెన్ 33, అర లీటరు పాలు 16, 50 గ్రాముల కందిపప్పు 11, పెద్ద గిన్నె పెరుగు 7, గుప్పెడు పల్లీలు 7. ఇవి కలిపితే 98. అన్నం, ఇడ్లీలలో ఉన్నది అదనం. చికెన్ దొరకని రోజు 50 గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి వండుకుంటే 26 గ్రాములు వస్తుంది, ఖర్చూ తక్కువే. వారానికి మూడుసార్లు పొద్దున్నే పరగడుపున బరువు చూసుకుని సగటు రాసుకోండి. వారానికి 150 నుంచి 300 గ్రాములు పెరగకపోతే రోజుకు రెండు అరటిపండ్లు, ఇంకో గుప్పెడు పల్లీలు కలపండి. అది దాదాపు 300 కేలరీలు.

జిమ్‌లో ఎక్కువమంది చేసే తప్పు: ఛాతీ, చేతులే రోజూ బాదడం, పోయిన వారం ఎంత ఎత్తారో రాసుకోకపోవడం. ప్రతి కండకూ వారానికి రెండుసార్లు, మొత్తం పది సెట్ల (ఆగకుండా వరుసగా చేసే విడతల) దాకా చాలు. స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, ఓవర్‌హెడ్ ప్రెస్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, పుల్అప్ లేదా లాట్ పుల్‌డౌన్ మీద ఆధారపడండి. ఉదాహరణకు బెంచ్ మీద 40 కిలోలతో మూడు సెట్లు, ఒక్కోదానిలో 8 రెప్స్ (ఎత్తి దించడాలు). ప్రతిసారీ ఒకటో రెండో పెంచుతూ మూడు సెట్లలోనూ 12 వచ్చాకే 2.5 కిలోలు కలపండి. ఇంకో ఒకటి రెండు రెప్స్ చేయగలననిపించినప్పుడు సెట్ ఆపండి. పెద్ద వ్యాయామాల్లో సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. ఫోన్ చూస్తూ రాత్రి రెండు దాకా మేలుకొని పొద్దున్నే ఆరింటికి క్లాసుకు లేచేవారికి మాత్రం ఈ లెక్కలేవీ సరిగా పనిచేయవు. ఏడు గంటల నిద్ర తప్పనిసరి. ఇవన్నీ కుదిరితే మొదటి ఏడాది నెలకు అర కిలో కండ దక్కడం మంచి ఫలితమే.

ప్రశ్న: క్రియాటిన్ కూడా స్టెరాయిడేనా? ఇంట్లో డబ్బా చూసి గొడవ చేస్తున్నారు. – దిల్‌సుఖ్‌నగర్ పాఠకుడు

జవాబు: కాదు, అది హార్మోన్ కానే కాదు. మాంసం, చేపల్లో ఉండేదే. మోనోహైడ్రేట్ రకం రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. మొదటి వారాల్లో పెరిగే కిలో, కిలోన్నర కండల్లో చేరిన నీరు. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువగా కనిపించవచ్చు కాబట్టి ఇది వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు అడగకుండా వాడొద్దు.

ప్రశ్న: రెండు సైకిళ్లు చేసి రెండు నెలల కిందట ఆపేశాను. ఏ పనీ చేయాలనిపించడం లేదు. ఎడమ రొమ్ము కింద గడ్డలా ఉంది, ముట్టుకుంటే నొప్పి. సీనియర్ ఒకరు ‘పీసీటీ’ మాత్రలు ఇస్తానంటున్నారు. – 24 ఏళ్లు, కూకట్‌పల్లి

జవాబు: పీసీటీ అంటే సైకిల్ ఆపాక సొంత హార్మోన్ మళ్లీ మొదలవడానికని వాడే మాత్రలు. వాటిని తీసుకోకండి. డాక్టర్లు కూడా వాటిలో కొన్నింటిని వాడతారు కానీ రిపోర్టు చూశాకే. నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో ఎండోక్రినాలజీ విభాగానికి వెళ్లండి. ఏం వాడారో, ఎన్ని వారాలు వాడారో దాచకుండా చెప్పండి. సిగ్గుపడి దాస్తే చికిత్స దారి తప్పుతుంది. పొద్దున 8 నుంచి 10 లోపు పరగడుపున టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రడియోల్, ప్రొలాక్టిన్ హార్మోన్లు చూస్తారు. వీటితోపాటు సీబీసీ (రక్తకణాల లెక్క), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), కాలేయ పరీక్షలు, బీపీ, ఈసీజీ కూడా. పరీక్షకు ముందు నాలుగైదు రోజులు బరువులెత్తొద్దు, కండ నలిగినా కొన్ని కాలేయ ఎంజైములు పెరుగుతాయి. టెస్టోస్టెరాన్‌లో కొంత ఆడ హార్మోన్ అయిన ఎస్ట్రోజెన్‌గా మారడం వల్ల ఇలాంటి గడ్డలు వస్తుంటాయి. కొత్తగా వచ్చినప్పుడు తగ్గే అవకాశం ఎక్కువ. ఏడాది దాటి గట్టిపడితే సర్జరీ ఒక్కటే మిగులుతుంది, అందుకే ఆలస్యం వద్దు. బతకాలనిపించని ఆలోచనలు వస్తే ఆ క్షణమే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. బ్యాగులో చిన్న సీసాలు, సిరంజీలు కనిపించాయి. ఏం చేయాలి? – ఒక తల్లి, మలక్‌పేట

జవాబు: అమ్మా, ముందు సీసా లేబుల్ ఫోటో తీయండి. మెఫెంటర్మిన్ అని ఉంటే అది స్టెరాయిడ్ కాదు. ఆపరేషన్ సమయంలో పడిపోయిన బీపీని పెంచడానికి వాడే మందు. హుషారు కోసం జిమ్ కుర్రాళ్లకు దొంగచాటుగా అమ్ముతున్నవారిని నగరంలో పలుమార్లు పట్టుకున్నారు కూడా. గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెంచుతుంది, అలవాటూ పడతారు. ఛాతీనొప్పి, గుండెదడ, తల తిరగడం ఉంటే అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. టెస్టోస్టెరాన్, నాండ్రోలోన్ లాంటి పేర్లుంటే అవి స్టెరాయిడ్స్. ఈ వయసులో ఎముకల చివర ఎదిగే భాగాన్ని ముందే మూసేయగలవు, ఎత్తు అక్కడితో ఆగిపోతుంది. ఫోటోతో సహా అబ్బాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సిరంజి, సీసా ఎవరితోనైనా పంచుకున్నాడేమో నెమ్మదిగా అడగండి, పంచుకుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించాలి. ఎవరు అమ్మారన్నది తర్వాత అడగవచ్చు. మొదటి రోజే ఆ ప్రశ్నతో మొదలుపెడితే మిగతావి చెప్పడు.