ఇరవై మెయిళ్లకు ఒక్క జవాబూ రాలేదు: సమ్మర్ రీసెర్చ్‌కి మెంటార్‌ను ఎలా కుదుర్చుకోవాలి?

ప్రశ్న: బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్టైపెండ్ ఇచ్చే పది వారాల సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రామ్‌కి దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. ఫ్యాకల్టీ మెంటార్ అంగీకారం, రెండు పేజీల ప్రపోజల్, ఒక రికమెండేషన్ లెటర్ అడుగుతున్నారు. గడువు ఇంకా తొమ్మిది వారాలుంది. ఇరవై మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను, ఒక్కరూ జవాబివ్వలేదు. నా సీజీపీఏ పదికి 7.6. రీసెర్చ్ అనుభవం లేదు. నాకు అవకాశం ఉందంటారా?

జవాబు: ఉంది. తొమ్మిది వారాలు సరిపోతాయి. అయితే అందులో మొదటి మూడు వారాలు మెంటార్ కోసమే ఖర్చుపెట్టండి. ప్రపోజల్ ముందే రాసేసుకుని, దానికి తగిన ప్రొఫెసర్ కోసం వెతికేవాళ్లు చాలామంది. అది తిరగేసిన పద్ధతి. ఆ ల్యాబ్‌లో ఏ పరికరాలున్నాయి, ఏ స్ట్రెయిన్లు (ఒకే జాతి బ్యాక్టీరియాలోని రకాలు) పెంచుతున్నారు, ఇప్పుడు ఏ పని నడుస్తోంది అన్నదాన్ని బట్టే పది వారాల్లో ఏది సాధ్యమో తేలుతుంది. బయటి నుంచి ఊహించి రాస్తే అది గాలిలో మేడే అవుతుంది.

మీ ప్రోగ్రామ్ మెంటార్‌ను ముందే కుదుర్చుకోమంటోంది. అన్నీ అలా ఉండవు. అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీలో 1979 నుంచి నడుస్తున్న సర్ఫ్ అనే సమ్మర్ ఫెలోషిప్ మీ ప్రోగ్రామ్ లాంటిదే: విద్యార్థే మెంటార్‌ను వెతుక్కుని, ఆయనతో కలిసి ప్రపోజల్ రాయాలి. భారతీయ విద్యార్థులను జర్మనీకి పంపే డాడ్ వైజ్‌లో కూడా అక్కడి ప్రొఫెసర్ ఆహ్వానం చేతిలో ఉంటేనే దరఖాస్తు. మైటాక్స్ గ్లోబలింక్ వేరు, పన్నెండు వారాల కెనడా ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లు ముందే పెట్టిన ప్రాజెక్టుల జాబితా లోంచి మీరు ఎంచుకుంటారు. భారతదేశంలో మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లో గైడ్‌ను అకాడమీలే చూసిపెడతాయి. ఒక రకానికి రాసిన దరఖాస్తును ఇంకో రకానికి అతికిస్తే కుదరదు. ఇంకో మాట, అర్హత నిబంధనలు మొదటే చదవండి. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులిచ్చే ఆర్‌ఈయూ (డిగ్రీ విద్యార్థుల పరిశోధన ప్రోగ్రామ్) సైట్లలో ఆ నిధులతో స్టైపెండ్ అందేది అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. ఆ ఒక్క వాక్యం చదవక వారాల తరబడి కష్టపడేవాళ్లున్నారు.

ఇక ఆ ఇరవై మెయిళ్లు. ఒకే మెయిల్‌లో పేరు మార్చి గంపగుత్తగా పంపి ఉంటారనిపిస్తోంది. "మీ పరిశోధన నాకెంతో ఆసక్తికరంగా ఉంది, మీ మార్గదర్శకత్వంలో పనిచేయాలని ఉంది" అన్న మెయిళ్లు ప్రొఫెసర్లకు సీజన్‌లో కుప్పలుగా వస్తాయి. మొదటి రెండు వాక్యాల్లోనే అది తెలిసిపోతుంది. పైగా ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఐదారుగురికి ఒకే రోజు పంపితే వాళ్లు పక్కపక్క గదుల్లో ఉండేవాళ్లే, మాట్లాడుకుంటారు.

ఇరవై కాదు, ఐదుగురు చాలు. ఎంచుకునేటప్పుడు పేరున్నవాళ్ల వెంటే పడకండి. ల్యాబ్ వెబ్‌పేజీలో డిగ్రీ విద్యార్థులు కనిపిస్తున్నారా? గత రెండు మూడేళ్ల పేపర్లలో వాళ్ల పేర్లున్నాయా? ఆ వేసవిలో ప్రొఫెసర్ సెలవు మీద వేరే చోటికి వెళ్తున్నారా? కొత్తగా ల్యాబ్ పెట్టిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు చేతులు కావాలి, మీకు నేర్పేంత సమయమూ ఆయన దగ్గర దొరికే అవకాశం ఎక్కువ. నలభై మంది ఉన్న పెద్ద ల్యాబ్‌లో మీకు నిజంగా నేర్పేది పీహెచ్‌డీ విద్యార్థో, పీహెచ్‌డీ ముగించి అక్కడ పరిశోధన చేసే పోస్ట్‌డాకో. అది చెడ్డ విషయం కాదు కానీ ఆ మనిషి ఎవరో ముందే తెలియాలి.

ఒక్కొక్కరివి ఇటీవలి పేపర్లు ఒకటి రెండు తీసుకోండి. అన్నీ అర్థం కానక్కర్లేదు. అబ్‌స్ట్రాక్ట్, బొమ్మలు, ఆ తర్వాత మెథడ్స్ చదవండి. మెయిల్ 150 నుంచి 200 పదాలు దాటకూడదు. సబ్జెక్ట్ లైన్‌లో ప్రోగ్రామ్ పేరు, వేసవి, మీ సబ్జెక్టు ఉండాలి. మొదటి వాక్యంలో మీరెవరు, ఏ ప్రోగ్రామ్ కోసం అడుగుతున్నారు, గడువు ఎప్పుడు. తర్వాత ఆ పేపర్‌లో మిమ్మల్ని ఆపిన ఒక నిర్దిష్ట విషయం, దాని మీద మీ ప్రశ్న. జవాబు ఆ పేపర్‌లోనే ఉన్న ప్రశ్న మాత్రం అడగొద్దు, చదవలేదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. ఆపైన మీకు చేతనయిన పని: స్ట్రీకింగ్, గ్రామ్ స్టెయినింగ్, సీరియల్ డైల్యూషన్, ఎక్సెల్ లేదా ఆర్ (R) సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫులు, ఏవి వస్తే అవి. ప్రాక్టికల్స్‌లో చేతితో చేసినవి కూడా అనుభవమే, "అనుభవం లేదు" అని మీరే రాసుకోకండి. చివర్లో ఇరవై నిమిషాల మాట కోసం అడగండి. "నన్ను తీసుకోండి" కన్నా "మాట్లాడవచ్చా" అన్నదానికి అవును అనడం సులువు. సీవీ ఒక్క పేజీ, మార్కుల పత్రం, రెండూ కలిపి ఒకే పీడీఎఫ్. స్టైపెండ్ ప్రోగ్రామే ఇస్తుందన్న మాట తప్పక రాయండి. మీ జీతం తన గ్రాంటు మీద పడదని తెలిస్తే ఆయన నిర్ణయం తేలికవుతుంది. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు వాక్యాలతో ఒక్కసారి గుర్తుచేయండి. రెండోసారి వద్దు.

మాట కుదిరితే ఈ ప్రశ్నలు అడగాల్సిందే. రోజూ నాకు ఎవరు చూపిస్తారు? వేసవిలో మీరు ఎన్ని వారాలు ఇక్కడ ఉంటారు? నేను వాడే పరికరానికి శిక్షణ ఎన్నాళ్లు? మనుషుల మీద లేదా జంతువుల మీద పని అయితే ఎథిక్స్ అనుమతి ఇప్పటికే ఉందా? ఆ అనుమతికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వేసవి మొదలయ్యాక దరఖాస్తు పెడితే వేసవి అయిపోయాక వస్తుంది. ఒకరు సరేనన్న రోజే మిగిలినవారికి ధన్యవాదాలు చెప్పి ముగించండి.

ఇప్పుడు ప్రపోజల్. కమిటీలు తిరస్కరించే ప్రపోజల్స్‌లో ఎక్కువవాటి జబ్బు ఒకటే, ప్రశ్న చాలా పెద్దది. "యాంటీబయాటిక్ నిరోధక బ్యాక్టీరియాకు పరిష్కారం" పది వారాల పని కాదు, కొన్ని ల్యాబ్‌ల జీవితకాలం పని. అదే రంగంలో చిన్నదాన్ని చూద్దాం. మీ మెంటార్ ల్యాబ్ సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా బయోఫిల్మ్‌ల (ఉపరితలానికి అంటుకుని అది కట్టే పొరల) మీద పనిచేస్తోందనుకోండి. "మాధ్యమం (బ్యాక్టీరియాను పెంచే ద్రవం) పీహెచ్ 5.5 నుంచి 7.5 దాకా మారితే ఈ స్ట్రెయిన్ కట్టే బయోఫిల్మ్ మారుతుందా?" ఇది పది వారాల్లో చేయగల ప్రశ్న. ఎందుకో లెక్క చూపించాలి.

96 వెల్‌ల (చిన్న గుంటల) ప్లేటు తీసుకుంటే అంచున ఉన్న 36 వెల్‌లలో నీరు త్వరగా ఆవిరవుతుంది, రీడింగులు చెడతాయి. వాటిలో స్టెరైల్ నీళ్లు నింపి లోపలి 60 వెల్‌లనే వాడతారు: ఆరు అడ్డు వరసలు, పది నిలువు వరసలు. ఐదు పీహెచ్‌లకు (5.5, 6, 6.5, 7, 7.5) బ్యాక్టీరియా ఉన్న నిలువు వరస ఒక్కోటి, బ్యాక్టీరియా లేని మాధ్యమానికి ఒక్కోటి, మొత్తం పది. ప్లేటు సరిగ్గా నిండుతుంది. 24 గంటలు పెంచి, కడిగి, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్‌తో రంగు పట్టించి, మళ్లీ కడిగి ఆరబెట్టి, 30 శాతం అసిటిక్ యాసిడ్‌లో ఆ రంగును కరిగించి అది 550 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో ప్లేట్ రీడర్‌లో చదువుతారు. ముందురోజు కల్చర్ పెట్టడంతో కలిపి ఒక్కో విడతకు మూడు రోజులు. తాజా కల్చర్లతో మూడు వేరువేరు విడతలు చేయాలి. ఇక్కడే సమీక్షకులు పట్టుకునే తప్పు ఒకటుంది: ఒకే ప్లేటులోని ఆరు వెల్‌లను మూడుతో గుణించి పద్దెనిమిది ప్రయోగాలు అని రాయడం. ఒకే కల్చర్ నుంచి వచ్చిన ఆరు వెల్‌లు మీ పిపెట్టింగ్ నిలకడను చెబుతాయే తప్ప ఆరు స్వతంత్ర ప్రయోగాలు కావు. మీ నమూనా సంఖ్య మూడే.

ఆ ప్రపోజల్‌లో ఏది తప్పుదారి పట్టించగలదో కూడా మీరే చెప్పాలి. పీహెచ్ తగ్గితే బ్యాక్టీరియా పెరగడమే మందగించవచ్చు. బయోఫిల్మ్ తక్కువ కట్టిందా, బ్యాక్టీరియాయే తక్కువ ఉందా? రంగు వేసే ముందు 600 నానోమీటర్ల దగ్గర పెరుగుదల కొలిస్తే రెండింటినీ విడదీయవచ్చు. బ్యాక్టీరియా పెరుగుతూ మాధ్యమం పీహెచ్‌ను మార్చేస్తుంది కాబట్టి బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) కావాలి, 24 గంటల చివర పీహెచ్ మళ్లీ కొలవాలి. ఈ రెండు వాక్యాలు ఒక పేజీ ఊకదంపుడు నేపథ్యం కన్నా ఎక్కువ పని చేస్తాయి, ఎందుకంటే విద్యార్థి ప్రయోగాన్ని మనసులో ఒకసారి చేసి చూశాడని వాటివల్లే తెలుస్తుంది. తేడా ఏమీ కనిపించకపోతే ఏం చేస్తారో కూడా ఒక వాక్యం పెట్టండి.

రెండు పేజీల్లో నేపథ్యానికి మూడో వంతు దాటనివ్వకండి. ప్రశ్న మొదటి పేరాలోనే కనిపించాలి. చదివేవారిలో మీ రంగం కానివాళ్లు ఉంటారు, గణితం ప్రొఫెసర్‌కూ చరిత్ర ప్రొఫెసర్‌కూ అర్థమయ్యేలా ఉండాలి. మెంటార్ గ్రాంటు లోంచి వాక్యాలు ఎత్తి పెట్టకండి, ఆ భాష మీది కాదని ఇట్టే తెలిసిపోతుంది. ల్యాబ్ ఇప్పటికే ఏం చేసింది, అందులో మీరు సొంతంగా చేసే ముక్క ఏది అన్నది విడిగా రాయండి.

టైమ్‌లైన్‌లో చాలామంది మొదటి వారం సోమవారమే అసలు ప్రయోగం మొదలుపెట్టేస్తారు. అలా జరగదు. మొదటి రెండు వారాలు భద్రతా శిక్షణ, ప్రొటోకాల్ నేర్చుకోవడం, ట్రయల్ ప్లేట్లు. మూడు నుంచి ఆరు అసలు విడతలు. ఏడో వారం ఖాళీగా ఉంచండి. కల్చర్ కలుషితమవుతుంది, ప్లేట్ రీడర్ చెడిపోతుంది, ఏదో ఒకటి జరుగుతుంది. ఎనిమిది, తొమ్మిది విశ్లేషణకు, పదోది రిపోర్టు, పోస్టర్. మొదటి డ్రాఫ్ట్ గడువుకు కనీసం మూడు వారాల ముందు మెంటార్ చేతిలో ఉండాలి. ఆయన ఎర్ర సిరాతో నింపి పంపితే మంచిదే. "బాగుంది" అని ఒక్క మాటతో వస్తే చదవలేదేమోనని అనుమానించి, మెథడ్స్ మీద ప్రత్యేకంగా అడగండి.

రికమెండేషన్ లెటర్ మెంటార్ ఇచ్చే అంగీకారానికి వేరు. మీ పని చూసిన టీచర్‌ను అడగండి. మిమ్మల్ని పేరుతో కూడా ఎరగని హెచ్‌ఓడీ సంతకం కన్నా, ల్యాబ్‌లో మీ రికార్డు దిద్దిన లెక్చరర్ రాసిన అరపేజీ బరువైనది. కనీసం మూడు వారాల ముందు అడుగుతూ ప్రపోజల్, సీవీ, గడువు తేదీ, వారి క్లాసులో మీరు చేసిన ఫలానా పని గురించి ఐదారు వాక్యాలు ఇవ్వండి. "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అంటే లెటర్ కాకుండా అంశాలు మాత్రం ఇవ్వండి. మీ ప్రపోజల్, మీ లెటర్ ఒకే చేతి రాతలా ఉంటే కమిటీకి రెండూ పనికిరాకుండా పోతాయి.

7.6 గురించి. కనీస సీజీపీఏ నిబంధన ఉంటే, మీది దానికన్నా తక్కువైతే ఆ ప్రోగ్రామ్ వదిలేయండి, మినహాయింపు కోసం సమయం పోగొట్టుకోకండి. లేదంటే దాని గురించి సంజాయిషీ రాయకండి. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ మార్కులు బాగుంటే సీవీలో వాటిని విడిగా చూపండి. ఒక సెమిస్టర్ మాత్రమే పడిపోయి తర్వాత లేచి ఉంటే ఆ సంగతి రికమెండేషన్ రాసేవారి నోట వస్తేనే నమ్మకంగా ఉంటుంది.

డబ్బు విషయంలో మూడు చూడండి: స్టైపెండ్‌లో వసతి కలిసి ఉందా లేదా, వాయిదాల్లో ఇస్తారా, ఆ వారాల్లో వేరే కోర్సు గానీ ఉద్యోగం గానీ నిషేధమా. పూర్తికాలం అంటే సాధారణంగా వారానికి 40 గంటలు. రసాయనాలు, ప్లేట్ల ఖర్చు స్టైపెండ్ నుంచి కాదు, అది ల్యాబ్‌ది లేదా విడి బడ్జెట్‌ది, మెంటార్‌తో ముందే తేల్చుకోండి. సర్టిఫికెట్ కోసమో సీటు ఖాయం చేయడానికో మీ దగ్గరే పెద్ద మొత్తం అడిగేది ఏదైనా సరే, అది మనం మాట్లాడుకుంటున్న రకం ప్రోగ్రామ్ కాదు.

దరఖాస్తును గడువు రాత్రికి ఉంచకండి. కొన్ని పోర్టళ్లలో మీరు సబ్మిట్ నొక్కాకే లెటర్ రాసేవారికి, మెంటార్‌కు లింకు వెళ్తుంది. ఆ మెయిల్ చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. వారం ముందే మీ భాగం పంపేసి, ఆ ఇద్దరికీ "లింకు వచ్చిందా, స్పామ్ కూడా ఒకసారి చూడండి" అని రాయండి. పోర్టల్‌లో రెండు లెటర్లూ అందినట్టు చూపించేదాకా మీ దరఖాస్తు పూర్తయినట్టు కాదు.