చట్టం - సందేహం: అమెరికా రాష్ట్రాల గంజాయి పరిమితులు, మన పిల్లల వీసాలు

ప్రశ్న: మా అబ్బాయి షికాగోలో ఎమ్మెస్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడితో పాటు అద్దె ఇంట్లో ఉండే ఇద్దరు కుర్రాళ్లు దుకాణం నుంచి గంజాయి, గంజాయి కలిపిన చాక్లెట్లు తెచ్చి వంటగది అలమారాలో పెట్టుకుంటున్నారని ఈమధ్యనే తెలిసింది. గట్టిగా అడిగితే, "అమ్మా, ఇక్కడ 30 గ్రాముల వరకు చట్టమే ఒప్పుకుంది, నువ్వు కంగారు పడకు" అంటున్నాడు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి ఉంది. దానికి వాడు వచ్చి మళ్లీ వెళ్లాలి. వాడు చెప్పేది నమ్మవచ్చా?
- ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పిన 30 గ్రాముల మాట అబద్ధం కాదు. అయితే అది ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం చెప్పిన మాట. మీ అబ్బాయి ఆ దేశంలో ఉంటున్నది ఇల్లినాయ్ అనుమతితో కాదు, అక్కడి కేంద్ర ప్రభుత్వం, అంటే ఫెడరల్ ప్రభుత్వం, ఇచ్చిన వీసాతో. ఈ తేడా తెలియకపోవడం వల్ల చదువుకున్న పిల్లలు కూడా చిక్కుల్లో పడుతున్నారు కనుక కాస్త వివరంగానే చెబుతాను.

ముందు రాష్ట్ర చట్టం సంగతి. ఇల్లినాయ్‌లో 2020 జనవరి 1 నుంచి 21 ఏళ్లు నిండిన ఆ రాష్ట్ర నివాసి 30 గ్రాముల గంజాయి పువ్వు, గంజాయి నుంచి తీసిన 5 గ్రాముల గాఢ పదార్థం, 500 మిల్లీగ్రాములకు మించని టీహెచ్‌సీ ఉన్న చాక్లెట్లూ మిఠాయిల వంటివి దగ్గర ఉంచుకోవచ్చు. టీహెచ్‌సీ అంటే గంజాయిలో మత్తు కలిగించే రసాయనం. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారికి ఇందులో సగమే, అంటే పువ్వు 15 గ్రాములే అనుమతిస్తారు. బహిరంగ ప్రదేశంలో కాల్చకూడదు, కారులో తీసుకెళ్లేటప్పుడు ప్యాకెట్ సీలు తీయకూడదు. అమ్మే హక్కు లైసెన్స్ ఉన్న దుకాణానికే ఉంటుంది కనుక, తాను కొన్నదానిలో కొంత స్నేహితుడికి ఇచ్చి డబ్బు తీసుకున్నా అది అక్రమ అమ్మకమే అవుతుంది. ఇక ఈ పరిమితులు అన్ని రాష్ట్రాల్లోనూ ఒకేలా ఉండవు. న్యూయార్క్‌లో 3 ఔన్సులు, అంటే సుమారు 85 గ్రాములు, కాలిఫోర్నియాలో 28.5 గ్రాములు, మిషిగన్‌లో వెంట ఉంచుకోవడానికి రెండున్నర ఔన్సులు, ఇంట్లో 10 ఔన్సులు. షికాగో నుంచి గంటలోపే చేరగల ఇండియానాలో ఏ కొంచెం దొరికినా నేరమే. అనుమతి ఉన్న రాష్ట్రం నుంచి అనుమతి ఉన్న మరో రాష్ట్రానికి తీసుకెళ్లినా, సరిహద్దు దాటిన క్షణంలో అది ఫెడరల్ నేరం అవుతుంది. వారాంతంలో కారు అద్దెకు తీసుకుని నలుగురూ కలిసి తిరిగే పిల్లలు ఈ విషయం అసలు ఆలోచించరు.

అసలు ప్రమాదం ఫెడరల్ చట్టం దగ్గర ఉంది. 1970లో వచ్చిన నియంత్రిత పదార్థాల చట్టం కింద గంజాయి అమెరికా అంతటా నియంత్రిత పదార్థమే. దానిని అత్యంత కఠినమైన ఒకటో షెడ్యూల్ నుంచి మూడో షెడ్యూల్‌కు మార్చాలని అక్కడి న్యాయ శాఖ 2024 మే నెలలో ప్రతిపాదించింది. అయితే మూడో షెడ్యూల్‌లో చేర్చినా అది నియంత్రిత పదార్థం కాకుండా పోదు. వలస చట్టం ఈ జాబితానే చూస్తుంది. నియంత్రిత పదార్థానికి సంబంధించిన నేరంలో శిక్ష పడిన విదేశీయుణ్ణి దేశం నుంచి పంపివేయవచ్చు. సొంత వాడకానికి 30 గ్రాములలోపు గంజాయి ఉంచుకున్న ఒకే ఒక్క కేసుకు మాత్రం ఆ చట్టం మినహాయింపు ఇస్తుంది. మన పిల్లలు ఈ 30 గ్రాములనూ, ఇల్లినాయ్ వారి 30 గ్రాములనూ కలిపేసుకుని ధైర్యంగా ఉంటారు.

ఆ మినహాయింపు దేశంలో ఉన్నవాణ్ణి పంపివేయడానికి సంబంధించినది మాత్రమే. దేశంలోకి రానివ్వాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు అది తనంతట తాను వర్తించదు. మీ అబ్బాయి పెళ్లికి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఎదురయ్యేది ఈ రెండో ప్రశ్నే. వీసా స్టాంపింగ్ అవసరమైతే హైదరాబాద్ కాన్సులేట్‌లోనూ, ఆ తర్వాత అక్కడి విమానాశ్రయంలోనూ అధికారి అడగవచ్చు. కోర్టులో శిక్ష పడకపోయినా, నేరానికి కావలసిన అంశాలన్నీ తన నోటితో ఒప్పుకుంటే అదొక్కటే ప్రవేశం నిరాకరించడానికి ఆధారం కాగలదు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న నిబంధన కూడా వచ్చింది. దుకాణం ముందు సరదాగా దిగిన ఫొటో అధికారి కంటపడితే ప్రశ్నలు తప్పవు.

మరో సంగతి చెప్పకుండా ఉండలేను. పరిమితి దాటి దొరికిన విద్యార్థి కోర్టుకు వెళ్లి నేరం ఒప్పుకుని, జరిమానా కట్టి, ఏడాది తర్వాత రికార్డు చెరిపించుకుంటే సరిపోతుందని స్నేహితులు సలహా ఇస్తారు. రాష్ట్ర న్యాయస్థానం రికార్డు చెరిపినా, నేరం ఒప్పుకున్నప్పుడు వలస చట్టం దానిని సాధారణంగా శిక్ష కిందే లెక్కిస్తుంది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన మాంక్రీఫ్ కేసులో జార్జియా పోలీసులకు దొరికింది 1.3 గ్రాముల గంజాయి మాత్రమే. కింది కోర్టులో నేరం ఒప్పుకున్నందుకు, చిన్ననాటి నుంచి అక్కడే పెరిగిన ఆ జమైకా యువకుణ్ణి ప్రభుత్వం పంపివేయబోయింది. కొద్దిపాటి గంజాయిని డబ్బు తీసుకోకుండా పంచుకోవడాన్ని ఘోర నేరంగా చూడరాదని సుప్రీంకోర్టు చెప్పింది కాని, ఆ మాట చెప్పించుకోవడానికి అతను దేశపు అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్లవలసి వచ్చింది. కేసు వస్తే, వలస చట్టం తెలిసిన న్యాయవాదిని కలవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయవద్దని మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.

గంజాయి దుకాణంలో గంటల లెక్కన పని దొరుకుతుందని ఎవరైనా చెబితే దాని జోలికీ వెళ్లకూడదు. విద్యార్థి వీసా మీద క్యాంపస్ బయట అనుమతి లేకుండా పనిచేయడమే తప్పు. దానికి తోడు ఈ పరిశ్రమలో చేసిన ఉద్యోగం, రాష్ట్రం లైసెన్స్ ఇచ్చిన చోటైనా సరే, మున్ముందు పౌరసత్వానికి అడ్డుపడవచ్చని అక్కడి పౌరసత్వ, వలస సేవల విభాగం 2019 ఏప్రిల్‌లోనే ప్రకటించింది.

ఇప్పుడు చేయవలసింది ఇదీ. అందరూ వాడుకునే అలమారాలో ఉన్న సరుకు ఎవరిదన్న ప్రశ్న వస్తే అద్దె ఒప్పందంలో పేరున్న ముగ్గురూ జవాబు చెప్పవలసి రావచ్చు. కనుక ఆ ఇద్దరితో మాట్లాడి దానిని ఇంట్లోంచి తీయించాలి, లేదా మీ అబ్బాయే ఇల్లు మారాలి. పెళ్లికి బయలుదేరే ముందు సూట్‌కేసు, బ్యాక్‌ప్యాక్, చలికోటు జేబులు అన్నీ తనే స్వయంగా ఖాళీ చేసి చూసుకోవాలి. మీరు కోప్పడితే వాడు చెప్పడం మానేస్తాడు కనుక, ఈ పేజీ ఫొటో తీసి పంపి చదవమనండి.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి, అక్కడ దుకాణాల్లో అమ్మే గంజాయి నూనె, గమ్మీలు నొప్పికి బాగా పనిచేస్తాయని, సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండు సీసాలు తెస్తానని అంటోంది. బిల్లు ఉంటే ఇబ్బంది ఉండదా?
- విశ్రాంత ఉద్యోగి, ఇచ్ఛాపురం

జవాబు: దయచేసి తేవద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. న్యూజెర్సీలో 21 ఏళ్లు దాటినవారికి 2022 ఏప్రిల్ 21 నుంచి దుకాణాల్లో అమ్ముతున్నారు, 6 ఔన్సుల వరకు దగ్గర ఉంచుకోనిస్తారు. ఆ దుకాణం బిల్లు మన కస్టమ్స్ అధికారి ముందు రక్షణ కాదు సరికదా, సరుకులో ఏముందో మీ అమ్మాయికి తెలుసునని రుజువు చేసే కాగితం అవుతుంది. మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, సెక్షన్ 23 ప్రకారం గంజాయిని దేశంలోకి తేవడం నేరం. గంజాయి కలిపిన మిశ్రమాలు కూడా ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలోకి వస్తాయి. పైగా మిశ్రమంలో మత్తుపదార్థం బరువు ఒక్కటే కాక, కలిపిన ఇతర పదార్థం బరువునూ లెక్కలోకి తీసుకోవాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మోకాళ్లకు ఎముకల డాక్టరును కలవండి. గంజాయి ఆకుతో ఆయుష్ లైసెన్స్ కింద మన దేశంలోనే తయారయ్యే ఆయుర్వేద మందులు ఉన్నాయి కాని, అవి కూడా వైద్యుని చీటీ మీదే వాడవలసినవి.

ప్రశ్న: కిలోలోపు గంజాయి దగ్గరుంటే పెద్ద కేసు కాదని, అమెరికాలోలాగే మన దగ్గరా పరిమితి ఉందని మా కాలేజీలో అంటున్నారు. బరంపురం నుంచి రైల్లో ఒక బ్యాగు తెచ్చి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఇస్తే మూడు వేలు ఇస్తామని నాకు తెలిసినవాడు ఒకడు అడుగుతున్నాడు. బ్యాగులో ఏముందో నాకు చెప్పలేదు.
- ఇంజినీరింగ్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: బాబూ, ఆ బ్యాగు ముట్టుకోకు. మూడు వేలు తిరుగు రైలు ఖర్చుకు కాదు, నీ పేరు వాడుకోవడానికి ఇస్తున్న డబ్బు.

ఇల్లినాయ్‌లో 30 గ్రాములు అంటే అంతవరకు రాష్ట్ర చట్టం కింద నేరం లేదని అర్థం. మన దగ్గర ఒక్క గ్రాము గంజాయి ఉంచుకోవడానికి కూడా అనుమతి లేదు. 2001 అక్టోబరు 19 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లో ఉన్న అంకెలు శిక్ష ఎంత అన్నది నిర్ణయించడానికి పెట్టినవి. గంజాయి కిలో కంటే తక్కువ ఉంటే చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 20 కింద చిన్న పరిమాణానికి ఏడాది వరకు కఠిన కారాగార శిక్ష, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండింటికీ మధ్య ఉంటే 10 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. వాణిజ్య పరిమాణమైతే 10 ఏళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల వరకు జైలు, లక్ష నుంచి రెండు లక్షల వరకు జరిమానా. ఈ చివరి తరగతిలో సెక్షన్ 37 అడ్డు వస్తుంది కనుక, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని కోర్టు భావిస్తేనే బెయిల్ వస్తుంది. చార్జిషీటు వేయడానికే పోలీసులకు 180 రోజుల గడువు ఉంటుంది. ఆ బ్యాగు ఎంత బరువు ఉంటుందో నీకు తెలియదు, అది తూకం వేసేది నువ్వు కాదు.

బ్యాగులో ఏముందో తెలియదన్న మాట కూడా నిన్ను అంత తేలికగా కాపాడదు. సెక్షన్ 35 ప్రకారం తెలిసే చేశావని కోర్టు ముందుగా భావిస్తుంది. తెలియదని అనుమానానికి తావులేకుండా నిరూపించుకోవలసిన భారం నీదే. ఒంటి మీద సోదా చేసే ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్లమని అడిగే హక్కు సెక్షన్ 50 కింద ఉంది కాని, చేతిలోని బ్యాగుకు అది వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముఠాతో కలిపి సెక్షన్ 29 కింద కుట్ర కేసు పెడితే నీ ఒక్క బ్యాగు బరువుతో లెక్క ఆగకపోవచ్చు. ఒడిశా సరిహద్దు దాటి వచ్చే రైళ్లలో ఇచ్ఛాపురం, పలాస దగ్గర తనిఖీలు జరుగుతూనే ఉంటాయి. వాటిలో పట్టుబడేది ఎక్కువగా నీలాగ బ్యాగు మోసేవాళ్లే, పంపినవాళ్లు కాదు.

నిన్ను అడిగిన మనిషి పంపిన మెసేజులు తుడిచేయకు. మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర ఈగల్ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1972కు ఫోన్ చేసి విషయం చెప్పు. ఇంటి దగ్గర పెద్దవాళ్లకు కూడా చెప్పు. భయం వేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లు, లేదా 15100కు ఫోన్ చెయ్యి, ఉచితంగా సలహా ఇస్తారు. మీ కాలేజీలో ఎవరైనా దీనికి అలవాటు పడి మానలేకపోతుంటే, సెక్షన్ 64ఏ ఉందని వాళ్లకు చెప్పు. చిన్న పరిమాణం లేదా వాడకం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో చికిత్సకు చేరి దానిని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తారు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు రద్దు కావచ్చు. దగ్గరలో ఏ కేంద్రం ఉందో జాతీయ హెల్ప్‌లైన్ 14446లో చెబుతారు.