వేస్ట్‌గేట్ ‘వ్యర్థ ద్వారం’ అవుతుందా?

సందేహం: టర్బో ఇంజన్ల మీద వచ్చిన ఒక వ్యాసంలో “వ్యర్థ ద్వారం తెరవకపోతే బూస్ట్ హద్దు మీరుతుంది” అని ఉంది. వేస్ట్‌గేట్‌ను అలా అనవచ్చా? ‘తెరవకపోతే’ సరైనదా, ‘తెరుచుకోకపోతే’ సరైనదా?

సమాధానం: ముందు పేరు సంగతి. టర్బోలో ఇంజన్ వదిలే పొగ టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న కంప్రెసర్ గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నెడుతుంది. బయటి గాలి పీడనానికి పైన చేరిన ఈ ఒత్తిడే బూస్ట్. సముద్రమట్టం దగ్గర బయటి గాలి పీడనం దాదాపు 1 బార్ కాబట్టి 0.5 బార్ బూస్ట్ అంటే మొత్తం దాదాపు 1.5 బార్. బూస్ట్ పెరిగేకొద్దీ పొగ పెరుగుతుంది, పొగ పెరిగేకొద్దీ చక్రం ఇంకా జోరందుకుంటుంది. ఈ పరుగుకు పగ్గం వేసేది వేస్ట్‌గేట్. కొంత పొగను చక్రానికి తగలనీయకుండా పక్కదారిన పొగగొట్టంలోకి మళ్లిస్తుంది.

మన వాడుకలో ‘వ్యర్థం’ అంటే దండగ. ఇక్కడ మళ్లిన పొగ దండగది కాదు, అవసరానికి మించినది. చెరువు అలుగును ఇంజినీర్లు వేస్ట్ వియర్ అంటారు, అక్కడా ‘వేస్ట్’ అంటే మిగులే. పోనీ, అలుగు అనే అందామా? నోరూరించే మాటే గానీ పొసగదు. అలుగు మీద పొర్లేది చెరువు నింపుకున్న నీరే. వేస్ట్‌గేట్ వదిలేది నింపిన గాలిని కాదు, గాలిని నింపించే పొగను. నింపిన గాలిని వదిలేది బ్లో-ఆఫ్ వాల్వ్, అది వేరే భాగం. కాబట్టి వేస్ట్‌గేట్ అనే ఉంచి, మొదటిసారి ‘పొగ మళ్లింపు తలుపు’ అని వివరిస్తే చాలు.

ఇక క్రియ. ‘తెరుచు’ సకర్మకం, తెరిచేవారెవరో ఉండాలి. ‘వండుకొను’లో కొను ‘తన కోసం’ అనే అర్థమిస్తే, ‘తెరుచుకొను’, ‘మూసుకొను’లలో ఆ పని ఆ వస్తువుకే జరిగిందని చెబుతుంది. మామూలు రకంలో తెరిచేది యాక్చువేటర్: కంప్రెసర్ వైపు నుంచి సన్నని గొట్టంలో వచ్చే ఒత్తిడి అందులోని డయాఫ్రమ్ అనే వంగే పొరను నెడుతుంది, స్ప్రింగు బిగువును మించగానే రాడ్డు కదిలి తలుపును ‘తెరుస్తుంది’, తలుపు ‘తెరుచుకుంటుంది’.

రిపేరు రాసేవారికి ఈ తేడా పట్టింపు కాదు, అవసరం. గొట్టం చీలినా ఊడినా యాక్చువేటర్ తలుపును తెరవదు. తలుపు ఇరుసే తుప్పుతో బిగుసుకుంటే తలుపు తెరుచుకోదు. రెండింటా బూస్ట్ హద్దు దాటి నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్‌లో కొట్టినట్టు వచ్చే చప్పుడు) వస్తుంది, లేదా ఇంజన్ కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది. తప్పు ఎక్కడుందో మాత్రం వేరు. యాక్చువేటర్‌కు గేజి ఉన్న చేతిపంపుతో గాలి పెట్టి చూడాలి: స్ప్రింగుకు నిర్ణయించిన ఒత్తిడి దగ్గర రాడ్డు కదిలితే గొట్టాన్ని అనుమానించాలి. కదలకపోతే రాడ్డును తలుపు నుంచి విడదీసి మళ్లీ చూడాలి. అప్పుడు కదిలితే బిగుసుకున్నది తలుపే, అప్పుడూ కదలకపోతే యాక్చువేటరే చెడింది.

‘మూసుకోకపోతే’ అన్నది దీనికి ఎదురు: పొగ పక్కదారిన పోతూనే ఉంటుంది, బూస్ట్ చాలదు, బండి లాగదు. తలుపును వాక్యూమ్‌తో మూసి ఉంచే రకంలో గొట్టం ఊడితే జరిగేదీ ఇదే. కాబట్టి ‘గొట్టం ఊడితే బూస్ట్ పెరుగుతుంది’ అని రాసేముందు ఏ రకమో చెప్పి తీరాలి.