కొన్న గుర్రానికి ముక్కు నుంచి రక్తం: అమ్మినవాడిని అడగవచ్చా?

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు తిప్పుకుని బతుకుదామని మూడు వారాల క్రితం ఒక గుర్రాల వ్యాపారి దగ్గర రూ.1,60,000కు గుర్రాన్ని కొన్నాను. ఏ జబ్బూ లేదని అతను వాట్సాప్‌లో రాశాడు. ఇంటికి తెచ్చిన నాలుగో రోజు నుంచి, కట్టేసి ఉన్నప్పుడు కూడా, ఎడమ ముక్కు రంధ్రం నుంచి రక్తం కారుతోంది. అడిగితే ‘ఎండ వేడికి’ అంటున్నాడు. నా డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: మోసాన్ని నిర్వచించే భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 17వ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణలు, చిత్రంగా, గుర్రం అమ్మకానివే. లోపం తెలిసి కూడా వేలంలో నోరు మెదపకుండా అమ్మితే అది మోసం కాదని మొదటి ఉదాహరణ చెబుతుంది. ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అని కొనేవాడు అన్న తరువాత కూడా ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానమని మరో ఉదాహరణ చెబుతుంది. మీ వ్యాపారి ఊరుకోలేదు, లేదని రాసే ఇచ్చాడు. అందువల్ల ఆ సందేశం మీరు డబ్బు చెల్లించడానికి ముందు వచ్చిందా, తరువాతా అన్నదే ముందుగా తేల్చుకోవలసిన విషయం. ఫోను మార్చకండి, సందేశాన్ని చెరపకండి.

జబ్బు సంగతి అతనికి తెలుసని నిరూపించలేకపోయినా దారి మూసుకుపోదు. మీ అవసరం ముందే చెప్పి, అతని అనుభవాన్ని నమ్మి, అదే వ్యాపారం చేసేవాడి దగ్గర కొన్నారు కనుక, సరుకుల విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ ప్రకారం గుర్రం ఆ పనికి తగినదై ఉండాలన్న షరతు ఒప్పందంలో ఉన్నట్లే భావిస్తారు. అయితే లోపం అమ్మకం నాటికే ఉందని మీరు చూపాలి. పరుగు తరువాత వచ్చే రక్తం సాధారణంగా ఊపిరితిత్తులది. నిలబడి ఉండగా ఒకే వైపు నుంచి కారితే, గొంతు పక్కనున్న గాలి సంచిలో బూజు చేరి రక్తనాళాన్ని తినేస్తుండవచ్చు, అది ఉన్నట్టుండి ప్రాణం తీయగలదు. మీ ఇంటికి వచ్చాక తగిలిన దెబ్బేనని అతని వకీలు తప్పక వాదిస్తాడు. కాబట్టి ఈ వారంలోనే ఎండోస్కోపీ చేయించి, లోపం ఎన్నాళ్లదై ఉండవచ్చో పశువైద్యుడి చేత రాయించుకోండి.

చీమిడిలో రక్తపు జీర ఉంటే గ్లాండర్స్ అనే గుర్రాల అంటువ్యాధి పరీక్ష కూడా చేయించాలి. అది మనుషులకూ సోకుతుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం, అనుమానం కలిగితే తెలియజేయడం, గుర్రాన్ని విడిగా ఉంచడం యజమాని బాధ్యత. ఫలితం రాకముందే కోపంతో దాన్ని లారీ ఎక్కించి వ్యాపారి ఇంటికి పంపవద్దు.

గుర్రాన్ని వాపసు ఇస్తున్నట్లు వెంటనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. సమంజసమైన గడువు దాటే వరకు అట్టే పెట్టుకుంటే అంగీకరించినట్లే అవుతుంది. అప్పుడు నష్టపరిహారమే తప్ప పూర్తి సొమ్ము అడగలేరు. ఈలోగా ఒక్క ఊరేగింపుకైనా తీసుకువెళ్లారంటే మీ కేసును మీరే పాడు చేసుకున్నట్లు, పైగా జబ్బు పశువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం.

స్వయంగా నడుపుకునే జీవనోపాధి కోసమే కొన్నారు కనుక, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. జీతగాళ్లను పెట్టి నాలుగైదు గుర్రాలు తిప్పుతున్నట్లయితే మాత్రం అది వాణిజ్యమవుతుంది, అప్పుడు సివిల్ కోర్టుకే వెళ్లాలి.