రోజూ మజ్జిగ తాగుతున్నా అమ్మకి ఎముకలు ఎందుకు గుల్లబారాయి?

మీ అమ్మగారికి యాభై దాటాయి, రోజూ మజ్జిగ, నెయ్యి తీసుకుంటున్నా ఎముకలు గుల్లబారాయని డాక్టర్ ఎందుకన్నారు అని అడిగారు కదా. ముందు ఆ మజ్జిగ ఎంత పల్చగా ఉంటోందో చూడండి. మాది పొదిలి దగ్గర పల్లె, ఇంట్లో గేదెలున్నా మా అమ్మ తాగే మజ్జిగలో గ్లాసు అడుగు కనపడేది. వెన్న శాతాన్ని బట్టే డబ్బులు కాబట్టి చిక్కటి పాలన్నీ పాల సేకరణ కేంద్రానికి పోసేయడం, మిగిలిన కాసిని తోడేస్తే ఆ పెరుగు నాన్నకి, మాకు, ఇక గిన్నె అడుగున ఉన్నదాంట్లో చెంబుడు నీళ్లు పోసుకుని తను తాగడం. పాడి ఉన్న ఇంట్లోనే ఆడవాళ్లకి కాల్షియం అందకపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

వెన్న తీసినా కాల్షియం మజ్జిగలోనే ఉంటుంది, నీళ్లు పోసేకొద్దీ గ్లాసుకి వచ్చేది తగ్గుతుంది. నెయ్యిలో మాత్రం దాదాపు ఏమీ ఉండదు, ఎంత వేసుకున్నా ఎముకకి ఒరిగేది లేదు. 200 మి.లీ. పాలల్లో సుమారు 240 మి.గ్రా. కాల్షియం వస్తుంది, గట్టి పెరుగులోనూ ఇంచుమించు అంతే. ముట్లు ఆగాక ఎముక త్వరగా అరుగుతుంది కాబట్టి ఆ వయసులో రోజుకి 1200 మి.గ్రా. దాకా కావాలంటారు. అంటే గ్లాసు పాలు, కప్పు పెరుగు కలిపినా సగం రాదు. మా ఇంట్లో ఇప్పుడు అమ్మ వాటా పాలు పక్కన పెట్టాకే కేంద్రానికి పోస్తున్నాం. పొద్దున రాగి జావ, కూరలో తోటకూర, దొరికినప్పుడు ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు. విటమిన్ డి తక్కువుంటే ఇవన్నీ తిన్నా ఒంటికి సరిగా పట్టవు, పాలల్లో అది సహజంగా ఉండేది చాలా తక్కువ, అందుకని రక్తపరీక్ష చేయించండి.

మీది దర్శి వైపు అన్నారు కాబట్టి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కూడా పరీక్ష చేయించుకోండి. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బుని ఫ్లోరోసిస్ అంటారు, మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1937లో, మీ దర్శి వైపు కూడా కలిసి ఉన్న అప్పటి నెల్లూరు జిల్లాలోనే. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, లీటరుకి 1.5 మి.గ్రా. దాటితే ఆ నీళ్లు తాగడానికీ వంటకీ వాడకండి. మెడ, నడుం వంగకుండా బిగుసుకుపోతుంటే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఎందుకంటే అప్పుడు వైద్యం వేరేగా ఉంటుంది, ఊరికే కాల్షియం మాత్రలు కొనేసి మింగించొద్దు.