ఇటలీలోని చిన్న ఊళ్లో స్థిరపడ్డ అమెరికన్ తన అమెరికా లైసెన్సుతోనే కారు నడపొచ్చా?

నడపొచ్చు, కానీ అక్కడి మున్సిపాలిటీలో నివాసం నమోదైన రోజు నుంచి ఒక్క ఏడాది మాత్రమే. ఆ తర్వాత ఇటలీ లైసెన్సు ఉండాల్సిందే.

పాత లైసెన్సు ఇచ్చి స్థానిక లైసెన్సు తీసుకోవాలంటే రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండాలి. జపాన్‌తో ఇటలీకి అది ఉంది, అమెరికాతో లేదు. (భారత్‌తోనూ లేదు, కాబట్టి అక్కడున్న మనవాళ్లకూ ఇదే నియమం.) అందుకే పరీక్షలు మొదటి నుంచి రాయాలి. రాతపరీక్షలో 30 వాక్యాలిస్తారు, ఒక్కోటి తప్పో ఒప్పో 20 నిమిషాల్లో తేల్చాలి, మూడుకు మించి తప్పులు పోతే ఫెయిల్. అసలు చిక్కు భాషతోనే: ఇటాలియన్, ఫ్రెంచ్, జర్మన్ తప్ప ఇంగ్లీషులో పరీక్ష లేదు.

ఉదాహరణకు, ఉంబ్రియాలో కొండ మీదున్న టోడి ఊళ్లో 2024 జూన్‌లో నమోదైన వ్యక్తి, టెక్సస్‌లో ముప్పై ఏళ్లు బండి నడిపినా సరే, 2025 జూన్ దాటాక స్టీరింగ్ పట్టకూడదు. పాసయ్యాక కూడా మూడేళ్లు కొత్త డ్రైవరే. మోటార్‌వే మీద అందరికీ గంటకు 130 కిలోమీటర్లయితే తనకు 100.

చాలామంది పొరబడేది ఇంటర్నేషనల్ పర్మిట్ దగ్గర. దాన్ని రెన్యువల్ చేసుకుంటూ పోతే చాలనుకుంటారు. అది అసలు లైసెన్సుకు అనువాదం మాత్రమే. అసలుది చెల్లనప్పుడు అదీ చెల్లదు. అలా నడిపి ప్రమాదం చేస్తే, బీమా కంపెనీ బాధితులకు పరిహారం కట్టి ఆ డబ్బు డ్రైవర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు.