బద్దె పురుగుల పరిశోధనను జీవితకాలపు వృత్తిగా ఎంచుకోవచ్చా?

విశాఖపట్నంలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నానని, పేగుల్లో పట్టీలా పెరిగే బద్దె పురుగుల (టేప్‌వార్మ్‌ల) మీద పీహెచ్‌డీ చేయాలని ఉందని, ఇంట్లోవారు మాత్రం "పురుగులు పట్టుకుని ఏం బాగుపడతావు" అంటున్నారని, ఈ రంగంలో పనిచేసినవారి అనుభవం కావాలని మీరు అడిగారు. ఈ ఊళ్లోనే 30 ఏళ్లకు పైగా ఆ పని చేశాను కనుక నేను చూసినది చెబుతాను.

నా పని ఫిషింగ్ హార్బరులో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరిన కొత్తలో తెల్లవారకముందే రేవుకు వెళ్లి, సొరచేపల పేగులు, టేకు చేపల పేగులు అడిగి తెచ్చుకునేవాళ్లం. సొరచేప పేగు లోపలి గోడ మర చుట్టులా మెలితిరిగి ఉంటుంది. ఆ మడతలలో, ముళ్లు నిండిన నాలుగు తొండాలను గుచ్చుకుని పట్టు విడవని పురుగులు కనిపించేవి. వాటి వల్ల మనిషికి హాని లేదు కనుక ఆ రోజులలో నాకు ఈ శాస్త్రమంటే ఆకారాలను గీయడం, పేర్లు పెట్టడం మాత్రమే.

కబేళాలో గొర్రె కాలేయాన్ని చూశాక ఆ అభిప్రాయం మారింది. నిమ్మకాయంత తెల్లటి తిత్తిలోకి సూది గుచ్చి తీస్తే కొబ్బరినీళ్లలా తేటగా ఉన్న ద్రవం వచ్చింది. గాజు గొట్టంలో నిలబెడితే అడుగున సన్నని ఇసుకలాంటిది పేరుకుంది. సూక్ష్మదర్శిని కింద ఆ ఇసుకలోని ప్రతి రేణువూ కొక్కేల వలయమున్న ఒక పురుగు తల. దానిని తిన్న కుక్క పేగులో అది సెంటీమీటరైనా లేని ఎకైనోకాకస్ అనే బద్దె పురుగు అవుతుంది. కుక్క మలంలోని గుడ్లు గడ్డి ద్వారా గొర్రెకు, చేతుల ద్వారా మనిషికి చేరి, కాలేయంలోనో ఊపిరితిత్తులలోనో ఏళ్ల తరబడి తిత్తిగా పెరుగుతాయి. నేను తలెత్తి చూసేసరికి పారేసే కాలేయపు ముక్కల కోసం గోడ పక్కన నాలుగైదు కుక్కలు కాచుకుని ఉన్నాయి. పురుగు ఎక్కడ ఉందన్న దానికంటే ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతోందన్నదే అసలు ప్రశ్న అని నాకు అక్కడ తెలిసింది.

ఆ ప్రశ్న అన్నిటికంటే ఎక్కువగా బాధించేది పందుల బద్దె పురుగు, టీనియా సోలియం విషయంలో. సరిగా ఉడకని పంది మాంసంలోని తిత్తిని తింటే మనిషి పేగులో మీటర్ల పొడవు పురుగు పెరుగుతుంది. ఈ సంగతిని 1855లో కూచెన్‌మైస్టర్ అనే జర్మన్ వైద్యుడు, మరణశిక్ష పడిన ఖైదీకి తిత్తులున్న మాంసం తినిపించి నిరూపించాడు. ఈనాడు ఏ నీతి సంఘమూ ఒప్పుకోని ప్రయోగమది. అదే పురుగు గుడ్లు నోట్లోకి వెళితే పేగులో పురుగు పెరగదు. పిల్ల పురుగులు రక్తంతో పాటు కండరాలకు, మెదడుకు చేరి తిత్తులవుతాయి, మూర్ఛ వస్తుంది. వ్యాధి పాతుకున్న ప్రాంతాలలో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో మెదడు స్కానింగులో ఒంటరిగా కనిపించే చిన్న గడ్డను చాలాకాలం క్షయ గడ్డగా భావించి మందులిచ్చేవారు. వాటిలో చాలావరకు ఈ పురుగు తిత్తులేనని వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో మెదడు శస్త్రవైద్యుడు వేదాంతం రాజశేఖర్, ఆయన సహచరులు చూపించారు.

మాంసం ముట్టని ఒక కుటుంబంలో పాపకు మూర్ఛ వచ్చి, స్కానింగులో తిత్తి బయటపడినప్పుడు వారి ఇంటికి వెళ్లాను. "మేం గుడ్డు కూడా తినమండీ, మా బిడ్డకు పంది పురుగేమిటి" అని తండ్రి కోపంగా అడిగారు. పురుగు ఉన్న మనిషి ఎవరైనా చేతులు కడుక్కోకుండా వండినా వడ్డించినా, మలం కలిసిన నేలలో పండిన ఆకుకూరను పచ్చిగా తిన్నా చాలునని నెమ్మదిగా చెప్పాను. ఇంట్లో అందరి మలం పరీక్షించినా ఏమీ దొరకలేదు. ఆయనకు పూర్తి సమాధానం ఇవ్వలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

నా తప్పు ఒకటి కూడా మీరు తెలుసుకోవాలి. ఒక రోగి మలంలో గుడ్లు మాత్రమే చూసి, అది పశుమాంసం వల్ల వచ్చే టీనియా సాజినేటా అని రాసి ఇచ్చాను. ఆ రెండు జాతుల గుడ్లూ సూక్ష్మదర్శినిలో ఒకేలా ఉంటాయి. పది రోజుల తరువాత పురుగు శరీరం నుంచి తెగిన ఒక ఖండం దొరికినప్పుడు రెండు గాజు పలకల మధ్య నొక్కి, అందులోని గర్భాశయపు శాఖలు లెక్కపెట్టాను. ఒక వైపున 9 ఉన్నాయి. సాధారణంగా సాజినేటాలో 15కు పైగా, సోలియంలో 13కు లోపు ఉంటాయి, అంటే అది సోలియం. దాని గుడ్ల వల్ల మెదడుకు వచ్చే ప్రమాదం గురించి ఆ పది రోజులూ ఆ ఇంటివారిని హెచ్చరించవలసినవారు ఎవరూ హెచ్చరించలేదు, నా చీటీ వల్లే. అప్పటి నుంచి ఖండం చూడకుండా జాతి పేరు రాయలేదు.

పందులలో తిత్తులున్నాయేమో చూడడానికి అరకు, పాడేరు వైపు ఊళ్లలో పందిని ఇద్దరు పట్టుకుంటే, నోట్లో కర్ర అడ్డుపెట్టి, గుడ్డతో నాలుకను బయటికి లాగి, అడుగు భాగాన్ని వేళ్లతో తడిమేవాళ్లం. బియ్యపు గింజలా తగిలితే అదే తిత్తి. తక్కువ తిత్తులున్న పంది ఈ పరీక్షకు దొరకదు. పందికి వేసే టీఎస్ఓఎల్18 టీకాను మెల్‌బోర్న్‌లో మార్షల్ లైటౌలర్స్ బృందం రూపొందిస్తే, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సిస్వాక్స్ పేరుతో తయారు చేసింది. అప్పటికే ఉన్న తిత్తులను టీకా చంపదు కనుక ఆక్స్‌ఫెండజోల్ మందు కూడా ఇవ్వాలి. మా రోజులలో ఇవి మా చేతికి అందలేదు. మీ తరానికి ఉన్నాయి, వాటిని ఊళ్లలోకి చేర్చే పని మిగిలి ఉంది.

ఉద్యోగాలు కళాశాలల్లో, టీకా సంస్థల్లో, ప్రజారోగ్య పరిశోధనలో దొరుకుతాయి, కానీ త్వరగా దొరకవు. అందుకే చేరకముందే గరివిడి పశువైద్య కళాశాలలో ఒకరితో, ఆంధ్ర వైద్య కళాశాలలో ఒకరితో మాట్లాడి, మీ పనిలో ఇద్దరికీ చోటు ఉండేలా అంశం ఎంచుకోండి. ప్రయోగశాలలో ఈ గుడ్లను మామూలు క్రిమిసంహారకాలు నమ్మకంగా చంపవు కనుక వాడిన పలకలను, పాత్రలను తప్పకుండా మరిగించండి, చేతి తొడుగులు లేకుండా ఖండాన్ని తాకకండి. ఇంట్లో అమ్మగారు అడిగితే, ఆకుకూరను కడిగే నీళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పండి.